మీ ఊరి కప్పల లెక్క రాయడం ఎలా?

పక్షులను చూసి జాబితా రాసేవాళ్ళు ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామందే ఉన్నారు. కప్పల జాబితా రాసేవాళ్ళు మాత్రం అరుదు. 2023లో వచ్చిన ప్రపంచ అంచనాలో ఉభయచర జాతుల్లో దాదాపు 41 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంతగా దెబ్బతిన్న వర్గం మరొకటి లేదు. మన దేశంలో 400కు పైగా ఉభయచర జాతులు ఉన్నా, పరిశోధకుల చూపు ఎక్కువగా పడమటి కనుమల మీదే ఉంటుంది. వరి మడుల్లో, చెరువు శిఖాల్లో, ఇటుక బట్టీల గుంతల్లో బతికే మన కప్పలు పదేళ్ళ కిందట ఎన్ని రకాలుండేవి, ఇప్పుడెన్ని ఉన్నాయి అని అడిగితే చూపించడానికి చాలా ఊళ్ళలో ఒక్క కాగితం కూడా ఉండదు. "మా చిన్నప్పుడు చెవులు చిల్లులు పడేలా అరిచేవి" అనే పెద్దవాళ్ళ మాట ఒక్కటే ఉంటుంది.

ఆ కాగితం మీరు తయారు చేయొచ్చు. డిగ్రీ అక్కర్లేదు, ఖరీదైన సామాను అక్కర్లేదు, ఒక్క కప్పను కూడా పట్టుకోనక్కర్లేదు. ఒకే గుంట దగ్గరికి, ఒకే పద్ధతిలో, ఏటా వెళ్ళే ఓపిక ఉంటే చాలు. పది ఊళ్ళు తిరిగి తీసిన వంద ఫోటోల కన్నా, ఒక్క గుంట గురించి అయిదేళ్ళు రాసిన నోటుబుక్కుకే విలువ ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను. కింద చెప్పేదంతా ఆ నోటుబుక్కు కోసమే.

ఎండాకాలంలోనే గుంట ఎంచుకోండి

వాన పడ్డాక చోటు వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది. రోహిణి కార్తెలో, నేలంతా ఎండి ఉన్నప్పుడే ఒక సాయంత్రం ఊరి చుట్టూ తిరగండి. నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో ఆ పొలం వాళ్ళకు, గొర్రెలు మేపేవాళ్ళకు బాగా తెలుసు. వాళ్ళను అడిగి మూడు రకాల చోట్లు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, వానకు నిండి నెలా రెండు నెలల్లో ఎండిపోయే గుంట. రెండు, వరి మడి గానీ పంట కాలువ గానీ. మూడు, ఏడాదంతా నీళ్ళుండే చెరువు లేదా కుంట అంచు.

మూడింటికీ వెళ్ళే తీరిక లేకపోతే మొదటిదాన్నే పట్టుకోండి. చెరువు పెద్దది కాబట్టి కప్పలన్నీ అక్కడే ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మన కప్పల్లో చాలా రకాలు గుడ్లు పెట్టడానికి వెతుక్కునేది ఎండిపోయే గుంతలనే. ఎండిపోయే గుంతలో చేపలు బతకవు, చేపలు లేనిచోట గుడ్లకూ తోకకప్పలకూ ప్రాణభయం తక్కువ. అందుకే రోడ్డు పక్క మట్టి తవ్విన గుంత, లారీ చక్రాల గాడి, ఖాళీ ప్లాట్‌లో నిలిచిన నీళ్ళు, ఇలాంటివాటిని చిన్నచూపు చూడొద్దు. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఉండేవాళ్ళకు ఈ ఖాళీ ప్లాటే చెరువు కన్నా మంచి చోటు.

పొలం ఎవరిదైతే వాళ్ళ అనుమతి ముందే తీసుకోండి. రాత్రిపూట టార్చి వేసుకుని పొలంలో తిరిగితే మోటారు దొంగలని అనుకుంటారు. పగలు ఒకసారి వెళ్ళి, "కప్పల అరుపులు రికార్డు చేస్తాం పెద్దాయనా, దేన్నీ ముట్టుకోం" అని చెప్పి రండి. మొదట నవ్వినా, ఆ రైతే తర్వాత మీకు మొదటి కబురు పంపుతాడు.

ఏం తీసుకెళ్ళాలి

ఫోను, టార్చి, నోటుబుక్కు, పెన్సిలు. పెన్ను వద్దు, తడిస్తే రాత అలుక్కుపోతుంది. టార్చి అద్దం మీద ఎర్ర జెలటిన్ కాగితం అంటిస్తే కప్పలు అంతగా బెదరవు. మామూలు థర్మామీటరు ఒకటి ఉంటే మంచిది. కప్పది చల్లని రక్తం కాబట్టి, గాలి లేదా నీటి వేడిని బట్టి అది కూసే వేగం మారుతుంది. ఒకే జాతి రెండు రాత్రులు రెండు వేగాలతో కూసిందంటే కారణం అదే కావచ్చు.

గమ్‌బూట్లు మాత్రం తప్పనిసరి. చెప్పులతో, ఒట్టి కాళ్ళతో వెళ్ళొద్దు. కప్పలు ఉన్నచోటికి వాటిని తినే పాములు వస్తాయి. ఎక్కువగా కనిపించేది విషం లేని నీరుకట్టు పామే. అయినా నాగుపాము, కట్లపాము, రక్తపింజర తిరిగే వేళ కూడా అదే. కాలికి పుండు గానీ కోత గానీ ఉంటే మురికి నీళ్ళలో దిగడం వల్ల లెప్టోస్పైరోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. బూట్లుంటే ఆ భయం కూడా తగ్గుతుంది. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏవీ చేయకుండా, ఆ కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. ఆ ఆసుపత్రి ఏదో బయలుదేరే ముందే తెలుసుకుని ఉండండి.

పాము కన్నా నాకు ఎక్కువ భయం కరెంటు. అడవిపందుల కోసం పొలం చుట్టూ తీగ లాగి కరెంటు పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. గాలివానకు తెగిపడిన సర్వీసు వైరు, తడిసిన స్టార్టరు డబ్బా కూడా అంతే ప్రమాదం. పగలు చూడని దారిలో రాత్రి అడుగు పెట్టొద్దు. ఉరుములు మెరుపులు ఉంటే ఇంట్లోనే ఉండండి. గట్టు లేని పాత బావి ఎక్కడుందో ముందే చూసుకోండి. ఎప్పుడూ ఇద్దరు వెళ్ళండి, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి.

మొదటి పెద్ద వాన కోసం కాచుకోండి

తెలంగాణ, రాయలసీమ, కోస్తాలో ఎక్కువ భాగానికి మృగశిర, ఆరుద్ర కార్తెలు ముఖ్యం, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మొదటి వారం దాకా. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో రెండో అవకాశం వస్తుంది.

జల్లు పడిన రోజు కాదు, గుంతలో నీళ్ళు నిలిచేంత వాన పడిన రోజు చూసుకోండి. ఆ రాత్రీ, తర్వాతి రెండు రాత్రులూ ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. బోదురు కప్పలు, నేలలో దాక్కునే కప్పలు ఆ కొద్ది రాత్రుల్లోనే గుంపులుగా వచ్చి జతకట్టి వెళ్ళిపోతాయి. అంత పెద్ద గోల ఆ ఏడాది మళ్ళీ వినపడకపోవచ్చు. ఆ తర్వాత పదిహేను రోజులకొకసారి వెళ్ళినా సరిపోతుంది. పొద్దు గూకాక, ఏడు నుంచి పది గంటల మధ్య మంచి సమయం. మీకు కుదిరే గంటను ఒకటి ఎంచుకుని, సీజనంతా అదే గంటకు వెళ్ళండి.

వాన ఎంత పడిందో రాయడానికి ఇంటి మేడ మీద నిలువు గోడలున్న డబ్బా ఒకటి పెట్టి, పొద్దున్నే స్కేలుతో కొలిస్తే చాలు. మి.మీ.లలో రాయండి.

గుంట దగ్గర చేయాల్సిన పని

ఇది పది నిమిషాల పనే, కానీ వరస తప్పకూడదు.

1. గుంట చేరుకోగానే టార్చి ఆర్పి, కదలకుండా రెండు నిమిషాలు నిలబడండి. మీ అడుగుల చప్పుడుకు ఆగిపోయిన కప్పలు మళ్ళీ మొదలుపెడతాయి.

2. తర్వాత సరిగ్గా అయిదు నిమిషాలు వినండి. ఎన్ని రకాల గొంతులు వినిపిస్తున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి. పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు. "టిక్ టిక్ మని ఒకటి, లావు గొంతుతో ఒకటి" అనుకున్నా చాలు.

3. ఒక్కో గొంతుకు 0 నుంచి 3 దాకా అంకె వేయండి. వినపడకపోతే 0. ఒక్కో కప్పను విడిగా లెక్కపెట్టగలిగితే 1. అరుపులు ఒకదాని మీద ఒకటి పడుతున్నా ఇన్ని ఉండొచ్చని అంచనా కట్టగలిగితే 2. ఎడతెగని మోతలా ఉండి లెక్కకు అందకపోతే 3. అమెరికాలో కప్పల లెక్కలకు ఎన్నో ఏళ్ళుగా వాడిన కొలత ఇది. మన గుంతలకూ చక్కగా సరిపోతుంది.

4. ఇప్పుడు రికార్డు చేయండి. ఆ తర్వాతే టార్చి వెలిగించి కప్పలను చూడండి, ఫోటోలు తీయండి.

ఏమీ కూయకపోతే కొత్తవాళ్ళు నిరాశపడి, ఏమీ రాయకుండా ఇంటికి వచ్చేస్తారు. అది చేయొద్దు. తేదీ, సమయం, వేడి, వాన అన్నీ రాసి, అన్ని గొంతుల ఎదురుగా 0 వేయండి. నాలుగేళ్ళు వరుసగా 3 వచ్చిన గుంటలో అయిదో ఏడు 0 వచ్చిందంటే అంతకు మించిన సమాచారం లేదు. అది తెలియాలంటే 0లు కూడా రాసి ఉండాలి.

గొంతు రికార్డు చేసే పద్ధతి

ఫోను విమానం మోడ్‌లో పెట్టండి. రికార్డరు సెట్టింగుల్లో శబ్దాన్ని తగ్గించే ఆప్షన్ ఉంటే ఆపేయండి, అది కప్ప గొంతునే చెత్త శబ్దం అనుకుని కోసేస్తుంది. ఫైలు రకం ఎంచుకునే వీలుంటే వేవ్ (WAV) పెట్టండి. ఫోను మైకు ఉన్న కింది అంచును కప్ప వైపు తిప్పి, చెయ్యి ఆడకుండా ఒక నిమిషం పట్టుకోండి. చివర్లో మీ గొంతుతోనే తేదీ, సమయం, చోటు, గాలి వేడి చెప్పండి. ఫైలు పేరు మారిపోయినా, ఫోను మారినా ఆ వివరం రికార్డింగులోనే ఉంటుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే శబ్దం నాణ్యత పడిపోతుంది. పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి. ఇంటికొచ్చాక కంప్యూటరులో ఆడాసిటీ గానీ రేవెన్ లైట్ గానీ పెట్టుకుంటే, రెండూ ఉచితమే, గొంతు బొమ్మలా కనిపిస్తుంది. రెండు కప్పల మధ్య తేడా చెవికి అందకపోయినా ఆ బొమ్మలో దొరుకుతుంది.

ఎవరి గొంతు ఏది

మన మైదానాల్లో ఒక గుంట దగ్గర వినపడేవాటిలో ఎక్కువ భాగం కింది కప్పలే. వీటిని గుర్తుపట్టగలిగితే సగం దారి దాటినట్టే.

బోదురు కప్ప, శాస్త్రీయ నామం హోప్లోబాట్రాకస్ టైగెరీనస్. మన దేశపు కప్పల్లో అతి పెద్దది ఇదే, ముక్కు నుంచి పిరుదు దాకా 15 సెం.మీ. పైనే పెరుగుతుంది. లావు గొంతు, చాలా దూరం వినపడుతుంది. తొలకరికి పగటిపూట కూడా కూస్తుంది. జతకట్టే ఆ కొద్ది రోజులు మగవి నిమ్మపండు పసుపులోకి మారతాయి, గొంతుకు రెండు వైపులా నీలం సంచులు ఉబ్బుతాయి. అది చూసి ఇదేదో విదేశీ విషపు కప్ప అని వానాకాలంలో వీడియోలు తిరుగుతుంటాయి. విషం లేదు, విదేశీ కాదు, మన పొలం కప్పే. ఒకప్పుడు దీన్ని కాళ్ళ మాంసం కోసం లక్షల్లో పట్టి ఎగుమతి చేశారు. పొలాల్లో పురుగులను తినే కప్పలు పోతున్నాయన్న ఆందోళన మధ్య 1987లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. మీ ఊళ్ళో 60 దాటినవాళ్ళను అడిగితే, రాత్రిళ్ళు పెట్రోమాక్స్ లైట్లతో కప్పలు పట్టిన సంగతి తెలిసినవాళ్ళు దొరకొచ్చు. దొరికితే అది కూడా నోటుబుక్కులో రాయండి.

గరుకు చర్మపు పెద్ద కప్ప, ఇంగ్లీషులో టోడ్ అనేది, డుట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. కళ్ళ చుట్టూ నల్లని గట్లు, కళ్ళ వెనక ఉబ్బిన గ్రంథులు ఉంటాయి. గొంతు మాత్రం ఒంటికి పొంతన లేకుండా సన్నగా, తీయగా, "కుర్ర్ర్ర్" అని ఆగకుండా సాగుతుంది. వీధి దీపం కింద పురుగులు ఏరుకునేది ఇదే. ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది నిజం కాదు. ఆ గ్రంథుల్లోంచి వచ్చే పాల లాంటి ద్రవం కంట్లో పడితే మాత్రం మంట పుడుతుంది, కుక్క నోట కరిస్తే దానికి ప్రమాదం.

నీళ్ళ మీద కళ్ళు, ముక్కు మాత్రమే పైకి పెట్టి తేలేది, అలికిడికి నీటి మీదే గంతులేస్తూ పారిపోయేది యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్. మురుగు కాలువలో కూడా బతుకుతుంది, ఏడాది పొడుగునా కనపడుతుంది. దీని చుట్టం ఒకటి, పచ్చగా ఇంకా పెద్దగా ఉండేది, ఆకులు గుబురుగా ఉన్న చెరువుల్లో ఉంటుంది. ఎదిగాక మొక్కలను కూడా బాగా తినే అరుదైన కప్ప అది. పచ్చ కప్ప కనపడితే తప్పకుండా ఫోటో తీయండి.

గడ్డి దుబ్బుల్లోంచి వేగంగా "టిక్ టిక్ టిక్" వినిపిస్తే పొలాల చిన్న కప్ప, మినర్వేరియా. దీని జాతులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయంటే, నిపుణులే డీఎన్ఏ చూడకుండా చెప్పలేని సందర్భాలున్నాయి. మీరు "మినర్వేరియా, జాతి తెలియదు" అని రాసి ఆగిపోండి. తెలియనిదాన్ని తెలియదని రాస్తేనే మీ జాబితా మీద నమ్మకం కుదురుతుంది.

దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు వినిపించే పెద్ద మోత మైక్రోహైలా ఆర్నేటాది. మోత విని పెద్ద కప్ప అనుకుని వెతికితే ఎప్పటికీ దొరకదు. అది 2 సెం.మీ. కొంచెం దాటుతుంది, అంతే. వీపు మీద ముదురు రంగు ముగ్గు ఉంటుంది. దీన్నే పోలిన మరో జాతిని 2015లో బంగ్లాదేశ్ నుంచి వర్ణించారు, తర్వాత అది మన దేశంలోనూ ఉందని తెలిసింది. ఇలాంటి చోట మీ ఫోటో కన్నా మీ రికార్డింగే పనికొస్తుంది.

ఒళ్ళంతా గాలితో ఉబ్బించి, నీటి మీద బుడగలా తేలుతూ కూసేవి యూపెరోడాన్ కప్పలు. వాటిలో ఒకటి, వీపు మీద ఇటుక రంగు మచ్చలున్నది, చెట్టు తొర్రల్లోనూ పూలకుండీల మట్టిలోనూ దొరుకుతుంది. పాలరాతి చారల లాంటి ఒంటితో గుండ్రంగా ఉండేది ఇంకొకటి. అది ఏడాదిలో ఎక్కువ భాగం నేలలోనే ఉండి చెదలను, చీమలను తింటుంది. మడమ దగ్గర చిన్న పార లాంటి గట్టి బుడిపెతో వెనక్కి తవ్వుకుంటూ మట్టిలోకి దిగిపోయే స్ఫైరోథీకా కూడా ఇలాంటి నేల కప్పే. ఈ నేల కప్పల కోసమే మొదటి వానను వదలొద్దన్నది.

ఇక బాత్రూమ్ కప్ప, అంటే చెట్టు కప్ప, పాలిపెడేటస్ మాక్యులేటస్. వేళ్ళ చివర గుండ్రటి బిళ్ళలతో గోడ ఎక్కుతుంది. "టక్... టక్ టక్ టక్" అని చెక్క మీద కొట్టినట్టు కూస్తుంది. ఎండాకాలంలో తడి కోసం ఇంట్లోకి వస్తుంది. ఉప్పు చల్లడం, ఫినాయిల్ పోయడం చేయకండి, కప్ప తన చర్మంతోనే నీళ్ళు తాగుతుంది, దాంతోనే గాలి కూడా పీలుస్తుంది కాబట్టి ఆ మందు నేరుగా ఒంట్లోకి పోతుంది. బయటికి పంపాలంటే మగ్గు దాని మీద బోర్లించి, కింద అట్టముక్క జొనిపి, తీసుకెళ్ళి మొక్కల దగ్గర వదిలేయండి.

ఫోటో

అందమైన ఫోటో ఒకటి కన్నా, పనికొచ్చేవి మూడు తీయండి. వీపు మొత్తం పైనుంచి ఒకటి. పక్క నుంచి కన్ను, దాని వెనక గుండ్రటి కర్ణభేరి కనిపించేలా ఒకటి. వెనక కాలివేళ్ళ మధ్య పొర ఎంతవరకు ఉందో తెలిసేలా ఒకటి. పక్కన నాణెం పెడితే సైజు తెలుస్తుంది, కానీ అందుకోసం కప్పను కదిలించొద్దు.

గుడ్లూ తోకకప్పలూ

పొద్దున్నే మళ్ళీ ఒకసారి గుంట చూసి రండి. రాత్రి కూసిన కప్పలు నిజంగా గుడ్లు పెట్టాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. నల్లపూసలు గుచ్చిన దారాల్లా గడ్డికి చుట్టుకుని ఉంటే టోడ్‌వి. నీటి పైన కొమ్మకో తొట్టి గోడకో తెల్లని నురగ ముద్ద ఉంటే చెట్టు కప్పది, అందులోంచి కొద్ది రోజుల్లో తోకకప్పలు నీళ్ళలోకి జారతాయి. ఒకే పొరగా నీటి మీద తేలే గుడ్లు మైక్రోహైలావి గానీ యూపెరోడాన్‌వి గానీ కావచ్చు. తోకకప్పల్లో గుంపుగా తిరిగే నల్లనివి టోడ్ పిల్లలు, అద్దంలా లోపలి భాగాలు కనపడేవి మైక్రోహైలావి. బోదురు కప్ప పిల్లలు మిగతా తోకకప్పలను తింటాయి. ఒక గుంతలో రకాలు తగ్గిపోతే దాన్నీ దృష్టిలో పెట్టుకోండి.

తర్వాత వారానికొకసారి వచ్చి, కాళ్ళు మొలిచేదాకా నీళ్ళున్నాయా అని చూడండి. నీళ్ళు ముందే ఎండిపోతే ఆ తేదీ రాయండి. ఎన్ని గుడ్లు పెట్టినా పిల్ల కప్పలు బయటికి రాకపోతే ఆ ఏడాది లెక్క ఖాళీయే.

చేయకూడని పనులు

పట్టుకోవద్దు, ఇంటికి తెచ్చి సీసాలో పెంచొద్దు. కొన్ని జాతుల విషయంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు ఉందన్నది ఒక కారణం. మన చేతుల ఉప్పు, దోమల క్రీము, శానిటైజరు దాని చర్మానికి హాని చేయడం రెండో కారణం.

ఒక గుంట కప్పను ఇంకో గుంటలో వదలొద్దు, ఎంత జాలి కలిగినా సరే. అండమాన్ దీవులకు బయటినుంచి చేరిన మన బోదురు కప్ప అక్కడి చిన్న కప్పల పిల్లలను తినేస్తోంది. మన టోడ్ మడగాస్కర్ రేవుకు చేరి స్థిరపడిందని 2014లో తెలిసింది, దాని విషానికి అలవాటు పడని అక్కడి జంతువులకు అదొక పెద్ద ముప్పు. మన ఊళ్ళో మేలు చేసేదే ఇంకోచోట కీడు కావచ్చు.

ఒక చోటి మట్టి ఇంకో చోటికి మోయొద్దు. ప్రపంచంలో ఎన్నో కప్ప జాతులను తుడిచిపెట్టిన కైట్రిడ్ అనే శిలీంధ్రం తడి మట్టితో, నీళ్ళతో వెళ్తుంది. రెండో గుంటకు వెళ్ళే ముందు బూట్లు బ్రష్‌తో రుద్ది కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. పూర్తిగా ఆరితే అది బతకదు. ఒకే రాత్రి రెండు చోట్లకు వెళ్ళాల్సి వస్తే రెండో జత బూట్లు ఉంచుకోండి.

కప్పల గొంతు ఫోనులో వినిపించి వాటిని రెచ్చగొట్టొద్దు. అరవడం వాటికి ఎంతో శ్రమతో కూడిన పని.

వాన ఆలస్యమైతే పిల్లలు రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగే కప్పతల్లి ఆట చాలా ఊళ్ళలో ఇంకా ఉంది. దాన్ని ఆపమని నేను చెప్పను, కప్పను వానకు కబురుగా చూసిన మర్యాద అందులో ఉంది. మీ వీధి పిల్లలకు రెండు మాటలు చెప్పండి: తడి గుడ్డలో వదులుగా కట్టాలి, ఆట అయిపోగానే పట్టిన చోటనే నీడలో వదలాలి.

నోటుబుక్కులో ఏమేం ఉండాలి

ప్రతి సారీ ఇవే గడులు: తేదీ, సమయం, గుంట పేరు, ఫోనులోని లొకేషన్ అంకెలు, గాలి వేడి, నీటి వేడి, ముందు రోజు వాన, గాలి ఉందా, చంద్రుడున్నాడా, నీటి లోతు మోకాలి దాకానా చీలమండ దాకానా, ఒక్కో గొంతుకు 0 నుంచి 3, గుడ్లు, తోకకప్పలు, చచ్చిన కప్పలు, వచ్చిన మార్పులు. మార్పులంటే పక్క పొలంలో కలుపు మందు కొట్టారు, జేసీబీతో గుంట పూడ్చారు, దోమల కోసం గంబూసియా చేపలు వదిలారు, ఇలాంటివి. గంబూసియా కప్ప గుడ్లనూ తోకకప్పలనూ కూడా తింటుంది కాబట్టి ఆ తేదీ చాలా ముఖ్యం. మీ ఊళ్ళో ఆ కప్పను ఏ పేరుతో పిలుస్తారో అది కూడా రాయండి.

నెలకోసారి ఆ పేజీలను ఫోటో తీసి మెయిల్‌లో దాచుకోండి. రికార్డింగులు, ఫోటోలు ఐనాచురలిస్ట్ యాప్‌లో గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే వెబ్‌సైట్‌లో గానీ పెడితే, ఇతర ప్రాంతాల కప్పల నిపుణులు చూసి పేరు సరిచేస్తారు. యాప్ దానంతటదే సూచించే పేరు చూసి వెంటనే సరే అనకండి. మన మైదానపు కప్పల ఫోటోలు అందులో తక్కువ, కాబట్టి అది తరచూ పొరపాటు పడుతుంది.

రాస్తూనే చేయదగ్గ రెండు మూడు పనులు

పొలాల్లో ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటి కుంటలు పెరిగాయి. కప్పలు వాటిలో పడితే జారుడుకు ఎక్కలేక చచ్చిపోతాయి. ఒక మూల పాత గోనెసంచి గానీ ముడులేసిన కొబ్బరి తాడు గానీ నీళ్ళదాకా వేలాడదీస్తే ఎక్కి వచ్చేస్తాయి. ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని. ఇంటి సంపు మూత, సెప్టిక్ ట్యాంకు గొట్టం మీద వల బిగించండి.

చెరువు పూడిక తీసేటప్పుడు పంచాయతీలో మీ మాట చెల్లుబాటైతే, ఒక్క వైపైనా అంచును నిటారుగా తవ్వకుండా, రాయి పరచకుండా, గడ్డి మొలిచే వాలుగా వదలమని అడగండి. అదే అంచు కప్పలకు పురిటిల్లు.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీ, మునిసిపాలిటీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. రెండు సీజన్లు పూర్తయ్యాక మీ పంచాయతీ కార్యదర్శిని కలిసి ఆ రిజిస్టరు చూపించమనండి. కప్పల పేజీ ఖాళీగా ఉంటే, మీ నోటుబుక్కులోంచి ఒక కాగితం మీద ఎత్తి రాసి ఇవ్వండి: గుంట పేరు, సర్వే నంబరు, విన్న కప్పలు, ఒక్కోటి ఏ నెలలో కూసింది, ఏ ఏడాది ఎంత అంకె వచ్చింది. కింద మీ పేరు, తేదీ వేసి, ఒక జిరాక్సు మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. ఎప్పుడైనా ఆ గుంట పూడ్చడానికి లారీలు వస్తే, ఆ జిరాక్సు పట్టుకుని మాట్లాడొచ్చు.